కుర్చీ వెనక నంబరు

చండీగఢ్ కుర్చీ ఫోటో చూసినప్పుడు మేము ఆగిపోయింది దాని ధర దగ్గర కాదు, వెనక పట్టీ మీద తెల్ల రంగుతో రాసిన నంబరు దగ్గర. మా ఆశ్రమ పాఠశాల కుర్చీల మీదా అలాగే రాసి ఉండేది.

1950లలో ఆ నగరం కడుతున్నప్పుడు ఆఫీసులకూ కాలేజీలకూ కుర్చీలు కావలసి వచ్చాయి. లె కార్బూజియే బంధువు పియర్ జెన్నరే, ఊర్మిళా యూలీ చౌదరి వంటి మన వాస్తుశిల్పులతో కలిసి వాటికి రూపం ఇచ్చాడు. టేకు చట్రం, పేము అల్లిక, తలకిందులు చేసిన ఇంగ్లీషు వి అక్షరంలాంటి కాళ్లు. కోసి, తొలిచి, అల్లింది అక్కడి పనివాళ్లు. వాళ్ల పేర్లు వేలం పుస్తకాల్లో చాలావరకు కనబడవు.

కొన్నేళ్లకు అల్లిక తెగిన కుర్చీలు మేడల మీద గుట్టలు పడ్డాయి. తుక్కు కింద అమ్మేశారు. కొన్న విదేశీ వ్యాపారులు వదులైన కీళ్లు బిగించి, పాత వార్నిష్ తీసి, కొత్త పేము అల్లించి, సేకరించేవాళ్లకు లక్షల్లో అమ్మారు. నంబరు ఉంటే మాత్రం చెరపరు. కుర్చీ ఎక్కడిదో చెప్పేది అదే కదా! 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్నీ ఎగుమతినీ ఆపమంది. అయినా విదేశీ వేలాల్లో ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

మా బడి కుర్చీలు ఎవరో గొప్పవాళ్లు గీసినవి కావు. కానీ టేకువే. నాలుగేళ్ల కిందట పనికిరాని సామాను జాబితాలో వాటినీ చేర్చి, కట్టెల ధరకు ఇచ్చేశారు. ఆ జాబితా కింద మా సంతకం కూడా ఉంది. మా నాన్న వెదురు తడిక ఒక మూల పుచ్చితే ఆ మూల మాత్రమే విప్పి అల్లేవాడు. డిప్లొమా చదివిన మాకు ఆ రోజు అది గుర్తు రాలేదు.

ఒక కుర్చీ వంటగది వెనక మిగిలిపోయింది. దాని మీద పప్పు గిన్నె పెట్టేవాళ్లు, అందుకే బతికింది. ఎనిమిదో తరగతి పిల్లలు దాన్ని కడిగి తెచ్చారు. గూడెం నుంచి వచ్చిన కొలాం కాక చట్రాన్ని అటూ ఇటూ ఊపి చూశాడు. వెదురు బద్ద ఇంత మందం పనికిరాదు, దారంలా సన్నగా చీల్చాలి, రెండు రోజులు పడుతుందన్నాడు. పిల్లలు చుట్టూ కూర్చుని చీల్చడం నేర్చుకున్నారు. ఇద్దరి వేళ్లు తెగాయి.

చివర్లో కాక ఉలి తీసుకుని వెనక పట్టీ వైపు తిప్పాడు. "ఈ రంగు గీకేస్తే శుభ్రంగా ఉంటది సారూ."

"వద్దు కాకా," అన్నాం. "అది అట్లనే ఉండనీ."