వాకాటి తీరమున వార్తయు వర్తకమును



గడచిన మాఘమాసమున మేము వాకాడు పోయి, అచటినుండి వేకువనే తూపిలిపాలెము సముద్రతీరమునకు వెళ్లితిమి. త్రోవలో రొయ్యల చెఱువుగట్టున నొక రైతు ఫోనులో ఆనాటి కౌంటు ధర విచారించుచుండెను. నేడే రొయ్యలు పట్టవలెనా, మఱి నాలుగు దినములు మేపవలెనా యనునది యతని కా వార్తవలననే తేలవలెను.

వర్తకమునకు వార్తయే ప్రాణమనుట యీ తీరమునకు క్రొత్త గాదు. చేరువనున్న దుగరాజపట్నమున 1626లో ఆంగ్లేయ వర్తకసంఘమువారు కోఠీ నెలకొల్పిరి. ఇచటి వస్త్రముల ధర లండను నగరమున దెలియవలెనన్న ఓడ నెలల తరబడి సాగవలసియుండెను. నేడు నిమిషము చాలును.

మేము చేరునప్పటికి పడవలు ఒడ్డున కెక్కుచుండెను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రమువారు, ఉపగ్రహములచే నీటి వేడిమిని, సూక్ష్మమైన నాచుయొక్క పచ్చదనమును గుర్తించి, చేపలు చేరు తావులను జాలరులకు దెలుపుచుందురు. ధరల వార్త వలని లాభమో, కేరళతీరమున తేటపడినది. అచట 1997 మొదలు 2001 వఱకు సెల్‌ఫోనులు వ్యాపింపగా, జాలరులు కడలినుండియే రేవుల ధరలు కనుగొనసాగిరి. రాబర్ట్ జెన్సన్ అను ఆర్థికశాస్త్రవేత్త 2007లో ప్రకటించిన పరిశీలనము ననుసరించి, జాలరుల లాభము నూటికి 8 వంతులు హెచ్చినది. కొనువారికి ధర నూటికి 4 వంతులు తగ్గినది. చేప వ్యర్థమగుట యించుమించుగా నిలిచిపోయినది.

ఇంత మేలు విని సంతసించుచు, గంప ముందు గూర్చున్న యొక పెద్దమ్మవద్ద కవళ్లు కొంటిని. గంపకు స్కానరు అట్ట కట్టియున్నది. నేను సొమ్ము పంపగా నామె, "పడిందా అమ్మా?" అని నన్నే యడిగెను.

"నీకు తెలియదా అవ్వా?"

"మా వాడి ఖాతాకు పోతుంది. ఫోనూ వాడి దగ్గరే. సాయంత్రం ఎంతంటే అంత. అందాకా కొన్నోళ్ల మాటే నాకు ఆధారం."

కన్ను చూచి చేప యెన్నటిదో చెప్పగల యామెకు, తన గంప యెంత దెచ్చెనో తెలియదు! చదువు లేమియే కారణమని తలచి, నా ఫోను చూపితిని. ఆమె తటాలున, "నూట ఇరవై. సరిగానే ఉంది," అనెను. నోట్లమీది యంకెల నామె యేనాడో నేర్చినది. లేనిది చదువు గాదు. తన పేర ఖాతాయు, తన చేత ఫోనును.

పూర్వము ధర దళారి గుట్టుగా నుండెడిది. నేడు రాబడి యింటివారి గుట్టు కారాదు. మన వాకిటికి కూరలు, పాలు, చేపలు దెచ్చు స్త్రీలను, "ఈ సొమ్ము ఎవరి ఖాతాకు పోవుచున్నదమ్మా?" యని యొక్కమాట యడుగుదము. తన పేర ఖాతా తెఱచుటకు బ్యాంకువఱకు తోడుపోవుటయు మనకు గొప్ప శ్రమ గాదు. మఱునాడు ఆ యవ్వను వాకాటి బ్యాంకునకు దోడ్కొనిపోయినది మా ఆతిథేయురాలే.