లండన్ కాగితాల్లో కె.సి. కెనాల్

కర్నూలు, కడప జిల్లాల నుంచి లండన్‌కు చదువుకు వచ్చే పిల్లలకు ఈ నగరం రెండు రకాలుగా అక్కరకొస్తోంది. మామూలు రోజుల్లో కాలేజీ, పార్ట్‌టైం పని, ఈస్ట్‌హామ్‌లోనో ఇల్‌ఫర్డ్‌లోనో నలుగురూ పంచుకున్న గది. సెలవు దొరికితే టవర్ బ్రిడ్జి ముందు ఫొటోలు. రెండింటినీ నేను తప్పుపట్టను. అయితే సీమ నుంచి వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో మూడో పని కూడా ఒకటుంది. సిలబస్‌లో లేకపోయినా అదీ చదువేనని నా వాదన. నిజాం 1800లో సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నప్పటి నుంచి మన భూమి శిస్తు, కాలువలు, కరువు పనుల మీద ఆఖరి మాట చాలాసార్లు ఇక్కడినుంచే వచ్చింది. ఆ కాగితాలు సెయింట్ పాంక్రాస్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇండియా ఆఫీసు రికార్డులని పిలిచే వీటి అరలన్నీ వరసగా పేరిస్తే 14 కిలోమీటర్లు. చూడటానికి కావలసిన రీడర్ పాస్ ఉచితం.

కె.సి. కెనాల్ సంగతే చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, నంద్యాల మీదుగా కడప దాకా మూడొందల కిలోమీటర్లకు పైగా తవ్విన ఈ కాలువను మొదలుపెట్టింది సర్కారు కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండన్ కంపెనీ. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది: పొలాలూ పారాలి, పడవలూ నడవాలి. డబ్బు ఇంగ్లండులోని వాటాదారులది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. కాలువకు రాబడి ఉన్నా లేకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది, కట్టేది మాత్రం ఇండియా ఖజానా. 1860లలో పని సాగింది, ఖర్చు అంచనాలు దాటిపోయింది. నీళ్లు పారాయి గానీ కొనేవాళ్లు చాల్లేదు. నల్లరేగడిలో వానను నమ్ముకుని జొన్న, పత్తి పండించుకునే రైతు, వాన పడిన ఏడు కాలువ నీటికి పన్నెందుకు కడతాడు? ఆ తర్వాతి దశాబ్దంలో సీమను కుదిపేసిన ధాత కరువులో ఆ నీటి విలువ తెలిసొచ్చింది గానీ కంపెనీ లెక్కలు అప్పటికే చేయి దాటాయి. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. నష్టానికి పూచీ వేరేవాళ్లది అయినప్పుడు ఖర్చు చేసేవాడు ఎలా ప్రవర్తిస్తాడో చెప్పడానికి ఫైనాన్స్ క్లాసుల్లో ఎక్కడెక్కడి ఉదాహరణలో తెస్తారు. అదే పాఠానికి మనూరి ఉదాహరణ బస్సు దిగి నడిచేంత దూరంలో ఉంది.

ఉద్యోగానికి ఇది ఏం పనికొస్తుందని అడుగుతారు. ఉద్యోగం మాటేమో గానీ, ఊరి మాటకు పనికొస్తుంది. బచావత్ ట్రిబ్యునల్ తుంగభద్రతో కలిపి కృష్ణా నీళ్లు పంచినప్పుడు అప్పటికే జరుగుతున్న వాడకాలకు రక్షణ ఇచ్చింది. కె.సి. కెనాల్‌కు 39.9 టీఎంసీలు దక్కాయి. అంటే పద్దు కుదరక లండన్ వాటాదారులు వదిలించుకున్న కాలువే ఇవాళ కర్నూలు, కడప ఆయకట్టుకు హక్కు పత్రం. నీళ్ల మీద మనవాళ్లు ఆవేశంగా మాట్లాడగలరు, అందులో మనకు లోటు లేదు. ఆ మాటల వెనక ఏ ఏడాది ఎవరు ఏ లెక్కతో ఏం రాశారన్నది పెట్టగలిగేవాళ్లే తక్కువ.

సీమ కంపెనీ చేతికొచ్చాక ఇక్కడ కలెక్టరుగా చేసిన థామస్ మన్రో విషయంలోనూ ఇంతే. ఆ పేరెత్తితే మనకు గుర్తొచ్చేది మంత్రాలయంలో ఆయనకు స్వామి కనిపించిన కథ, లేదంటే గండిలో బంగారు తోరణం కనిపించిన కథ. శిస్తు నాలుగో వంతు తగ్గిస్తే తప్ప దత్తమండలాల (అప్పట్లో సీమకు ఆ పేరే) రైతు నిలబడలేడని 1807లో ఆయన రాసింది తక్కువమందికి తెలుసు. ఆ తగ్గింపు అమలైంది 1820లో, ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాక. అప్పటిదాకా పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన సొంత కాగితాలు కూడా బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. పత్తికొండలో 1827లో కలరాతో పోయిన ఈ మనిషిని దేవుణ్ని చేయాల్సిన పనీ లేదు, దొరతనమని తీసిపారేయాల్సిన పనీ లేదు.

తెల్లవాళ్లను పొగడటానికి లండన్ దాకా రావాలా అని ఒక ఆక్షేపణ వస్తుంది. కాగితాలు చదివితే పొగడ్త తగ్గుతుంది, పెరగదు. సి.పి. బ్రౌన్‌నే తీసుకుందాం. కడపలో తెలుగు నేర్చి, వేమన పద్యాలు వెదికి 1829లో అచ్చు వేయించిన ఆ మనిషి 1830లలో లండన్‌లో ఉండగా ఇండియా హౌస్ లైబ్రరీలో పట్టించుకునే దిక్కులేక పడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా చూసి, పట్టుబట్టి మద్రాసుకు పంపించాడు. చదవగలిగినవాడు ఒకడు ఆ అరల దగ్గరికి వెళ్లాడు కాబట్టే అవి కదిలాయి. అయితే పాఠాలు సరిచూసి శుద్ధప్రతులు తయారు చేసింది జూలూరి అప్పయ్య వంటి పండితులు. కెన్సల్ గ్రీన్‌లో బ్రౌన్ సమాధికి పూలదండ వేసే మనవాళ్లు ఆ పండితుల పేర్లు ఒక్కసారి తలుచుకుంటే బాగుండు.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి డబ్బూ తీరికా. ఇల్లో పొలమో తాకట్టు పెట్టి వచ్చిన అప్పు, ఏడాదిలో ముగిసే మాస్టర్స్, క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న వీసా షరతు, గది అద్దె. వేర్‌హౌస్‌లో రాత్రంతా నిలబడి వచ్చిన పిల్లాడికి చరిత్ర చదవమని చెప్పే నోరు నాకు లేదు. నేనంటున్నది హ్యారీ పాటర్ స్టూడియో టికెట్‌కు డబ్బూ రోజూ దొరికినవాళ్ల గురించి. పాత కాగితాలు నెట్‌లో వస్తాయిగా అనేవాళ్లు 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడిని గుర్తుంచుకోవాలి. ఉన్న డిజిటల్ ప్రతులే నెలల తరబడి అందలేదు. ఇండియా ఆఫీసు కాగితాల్లో ఎక్కువ భాగం అసలు స్కానింగే కాలేదు.

ఒక లోటు మాత్రం నిజంగానే ఉంది. ఈ అరల్లో ఉండేది ఇంజనీరు మాట, కలెక్టరు మాట, వాటాదారు మాట. నంద్యాల రైతు కాలువ నీళ్లు ఎందుకు వద్దన్నాడో కంపెనీ తన నష్టం కోణంలోంచే రాసుకుంటుంది. రేగడి ఎన్ని రోజులు తడి పట్టుకుంటుందో, ఏ పంటకు నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతుందో ఆ కాగితాలు చదివే బయటి పరిశోధకుడికి తట్టకపోవచ్చు. ఆ ఊరి నుంచి వచ్చిన విద్యార్థికైతే, సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేసి నాయన్ని అడిగే వీలుంది.