ధర్మాంబుధి గర్భమున ఒక దినము

పలమనేరులో బస్సెక్కి బెంగుళూరు పోవుట మా సీమవారికి పరదేశగమనము కాదు. పట్టుగూళ్లు అమ్ముకొనుటకు రామనగరము పోవలసినను, ఆడబిడ్డ పెండ్లికి చిక్కపేటలో చీరలు తీయవలసినను, ఊరి వైద్యునికి అంతుపట్టని రోగము వచ్చినను మేము తిరుగు దిక్కు పడమరయే. నంగలి చేరిన కన్నడసీమ, అటుపై ముళబాగిలు. ఆ యూరి అసలు పేరు మూడలబాగిలు, అనగా తూర్పు వాకిలి. మైసూరువారికి తూర్పు వాకిలియైన ఆ యూరు మాకు పడమటి వాకిలి. ఆ వాకిట ప్రవేశించి, కోలారు, హొసకోట గడచి, బస్సు తుదకు మమ్ము దించు ముంగిలి మెజెస్టిక్కు.

ఇన్ని యేండ్లుగా ఆ ముంగిట దిగుటయు, వేరొక బస్సునకై పరుగిడుటయు తప్ప, ఒక్కనాడైనను దానిని నిలిచి చూచిన పాపమున పోలేదు. కావున గడచిన మాఘమాసమున, వేరే పని యేదియు పెట్టుకొనక, దానిని చూచుటకే పోయితిని.

మెజెస్టిక్కు అనునది జనులు పెట్టిన పేరు. ఆ పేరిటి సినిమాహాలు ఒకప్పుడు ఆ చెంత నుండెడిది. కాగితములందు మాత్రమది కెంపేగౌడ బస్ నిల్దాణము. 1537లో బెంగుళూరికి కోట కట్టించిన పాలెగాని పేరది. ఇక ఆ నేల యందురా, అది ఒక చెరువు గర్భము. ధర్మాంబుధి యను ఆ తటాకము పేటలోని జనులకు తరతరములుగా త్రాగునీరిచ్చినది. 1896 ప్రాంతమున హెసరఘట్ట నీరు గొట్టములద్వారా నగరమునకు వచ్చుటతో దానితో అక్కర తీరినది. చుట్టును రైలుదారియు, వీథులును లేచి, నీరు చేరు త్రోవలు మూసికొనిపోగా మెల్లమెల్లగా ఎండినది. ఎండిన నేల సుభాష్ నగర్ మైదానమను పేర సభలకును, ప్రదర్శనములకును చోటిచ్చి, 1960వ దశకమున బస్సుల వశమైనది.

చెరువు నిండినచో ఊరు నిండునని నమ్ము సీమలో పుట్టినవాడ నగుటచే, ఆ సిమెంటు నేలపై నిలిచి, నీటి జాడ యేమైన మిగిలినదా యని వెదకితిని. ప్రక్క వీథి కొనలో ఒక పలక కనబడినది: ట్యాంక్ బండ్ రోడ్. కట్ట పేరు మిగిలినది, కట్ట లేదు. నాటి చెరువు గట్టున వెలసిన అణ్ణమ్మదేవి గుడిలో మాత్రము దీపము నేటికిని వెలుగుచున్నది.

ఈ బస్టాండులో మావారికి ఒక సౌకర్యము కలదు. దానిని ఎవరును సౌకర్యముగా ఎన్నరు. బస్సుల నుదుటి పలకలు కన్నడ లిపిలో నుండును. ఒక పలకను దగ్గరగా పోయి చూచితిని. అందలి ‘తిరుపతి’లో ‘త’కారము మన ‘త’కారమే, ‘ర’కారము మన ‘ర’కారమే, మన తలకట్టు టిక్కువలె పైకి విరియగా వారి తలకట్టు అడ్డముగా సాగి కొసన వంగినది, అంతియే భేదము. కన్నడబడి గడప త్రొక్కని మా రైతు సైతము దానిని కూడబలుకుకొని చదువుకొనును. చదువురానివానికి కండక్టరు కేక కలదు. ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు అని అతడు పిలుచుచుండగా, ఎక్కువారు తెలుగున అడిగిన తెలుగుననే, కన్నడమున అడిగిన కన్నడముననే బదులు వచ్చును. మదనపల్లెవారు చింతామణి మీదుగా వచ్చి ఇచ్చటనే దిగుదురు. కుప్పమువారు రైలు దిగి, భూగర్భమార్గమున నడచి ఇచ్చటనే తేలుదురు.

ప్రొద్దు గ్రుంకువేళ ఒక స్తంభము మొదట కూర్చున్న వృద్ధదంపతులను చూచితిని. ఆమె ఒడిలో బియ్యపు సంచి గుడ్డతో కుట్టిన చిన్న తిత్తి. అందు ఎక్సరేలు, చీటీలు. చెంత పులుసన్నము మూట. మాట విన్నంతనే మావారని తెలిసినది.

“యాడికి పోవాలమ్మా?” అంటిని.

“రేపు పొద్దున్నే ఆస్పత్రిలో చీటీ తీయాల నాయనా. తెల్లారి బయలుదేరితే దొరకదంట. అందుకే ఈపొద్దే వచ్చేస్తిమి.”

“రాత్రికి యాడ పండుకుంటారు?”

“ఈడనే ఎట్లో గడిపేస్తాము.”

ముసలాయన యేమియు పలుకలేదు. మెడలోని తువాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమె తల క్రిందికి సరిపోవునా యని చేతితో కొలచి చూచుకొనుచుండెను. ఆ చేయి నా కన్నులయెదుట నేటికిని మెదలుచున్నది.

వారిని వెంటబెట్టుకొని బస్టాండు దాటి, గుబ్బి తోటదప్ప సత్రమునకు పోయితిని. గుబ్బి యూరి వర్తకుడైన ఆ మహనీయుడు రైలుస్టేషను ఎదుట కట్టించిన ఆ సత్రమును 1903లో మైసూరు మహారాజు ప్రారంభించిరి. ఎవరికో, ఎచ్చటనుండియో వచ్చువారికి తల దాచుకొను చోటు కావలెనని, ఈ బస్టాండు పుట్టుటకు అరువదేండ్ల ముందే ఆలోచించిన బుద్ధి యది. వారికి ఆ రాత్రి గది దొరకినది. ముసలమ్మ గడప దాటునపుడు వంగి దానిని తాకి కన్నుల కద్దుకొన్నది.

తిరుపతిలో బస్టాండు ఎదుటనే దేవస్థానమువారి శ్రీనివాసము కలదు. యాత్రికుడు బస్సు దిగి వీథి దాటినచో నడుము వాల్చవచ్చును. దేవుని చూడవచ్చిన వానికి గల ఆ ఆసరా, రోగముతో వచ్చిన వానికి ఏల యుండరాదు? పలమనేరు, పుంగనూరు, కుప్పము, మదనపల్లెలనుండి వెళ్లి బెంగుళూరిలో స్థిరపడి, చేతిలో నాలుగు రూకలు నిలిచిన మావారు వేలకొలది కలరు. వారిలో కొందరు కలిసి, మెజెస్టిక్కుకు నడచి పోగలిగినంత దూరములో, మన సీమ రోగులకై నాలుగు గదులు అద్దెకైనను తీసి యుంచవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.