సల్ల మంట

తొలకరి పడ్డాక కోహీర్ జామతోటలో చీకటిపూట ఒక మిణుగురును గుప్పిట పట్టాను. "భయపడకు బిడ్డా, అది సల్ల మంట, కాలది," అంది పెద్దమ్మ. నెల తిరక్కుండానే హైదరాబాదులో ఒక పరిశోధనాశాల చూడబోతే ఆ మాటే గుర్తొచ్చింది.

అక్కడున్నది నల్లటి పెట్టె. లోపలికి వెలుతురు రవ్వంత కూడా చొరబడదు. పైన కెమెరా. వేడికి దొంగ వెలుగు చూపించకుండా దాన్ని మైనస్ 90 డిగ్రీల దాకా చల్లబరుస్తారట. చలికాలం కోహీర్‌లో వణికినవాణ్ణి, నవ్వొచ్చింది.

ఆ పెట్టెలో పెట్టబోయే చిట్టెలుకకు ఎక్కించిన క్యాన్సర్ కణాల్లో మిణుగురు జన్యువు ఉంది. లూసిఫెరేజ్ అనే ఎంజైమును తయారుచేసే ఆ జన్యువును అమెరికాలో 1985లో వేరుచేశారు. మరుసటేడే దాంతో పొగాకు మొక్క మెరిసింది. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో కాంటాగ్ బృందం వెలిగే సాల్మొనెల్లాను ఎలుకల్లోకి పంపి, జబ్బు ఎటు పాకుతోందో కోతపెట్టకుండా బయటినుంచే చూసింది.

ఎలుకకు, ఆ ఎంజైముతో కలిస్తే వెలుగిచ్చే లూసిఫెరిన్ సూది వేసి, మత్తిచ్చి పెట్టెలో పడుకోబెట్టారు. పది నిమిషాలకు తెరమీద దాని పొట్ట పక్కన ఎర్రటి మచ్చ, చుట్టూ పసుపు, అంచున నీలం.

"ఇన్ని రంగులా!" అన్నాను.

"అవి కంప్యూటర్ వేసినవి సార్. వెలుగెక్కువుంటే ఎరుపు, తక్కువైతే నీలం. మీ కంటికైతే ఏమీ కనబడదు," అంది పరిశోధక విద్యార్థిని.

కాస్త ఉసూరుమనిపించింది. కానీ అసలు సంగతి వేరే ఉంది. టార్చిలైటు మీద వేలు పెడితే ఎరుపొక్కటే బయటికొస్తుంది కదా. మిగతా రంగుల్ని ఎక్కువగా రక్తం మింగేస్తుంది. మిణుగురు పసుపుపచ్చ వెలుగు ఒంటి వేడికి ఎరుపువైపు జరుగుతుంది గనకే ఆ కాస్తయినా చర్మం దాటుతుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు దాటితే మసకే. అందుకే ఇది చిట్టెలుకలకు కుదిరినట్టు మనుషులకు కుదరదు.

ఈ దీపానికి నూనె, కణానికి శక్తినిచ్చే ఏటీపీ. ఆక్సిజన్ కూడా కావాలి. కణం చచ్చిందా, దీపం ఆరిందన్నమాటే. మందు పనిచేస్తే మచ్చ చిన్నదవుతుంది. ఇదివరకు ఒక్కో దశ చూడాలంటే కొన్ని ఎలుకల్ని చంపి కోసేవారు. ఇప్పుడు అదే ఎలుకను వారం వారం చూస్తున్నారు. చివరికి దీన్నీ చంపుతారా అని అడిగితే ఆ అమ్మాయి దాచలేదు, తలూపింది.

మళ్లీ కోహీర్ వెళ్లినప్పుడు పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. జామకాయలు ఏరుతూ విన్నది.

"మరి ఆ ఎల్క ఎట్లున్నది?" అంది.

కాయలు ఈసారి ఎంత పలుకుతున్నాయని అడిగాను.