మా ఇంటి దశావతారాలు

అమ్మ పోయాక ఆస్తి పంపకాల్లో రాని పేచీ బొమ్మల పెట్టె దగ్గర వచ్చిందండీ! పెద్దక్కది బాపట్ల, చిన్నక్కది రేపల్లె, నాది తెనాలి. కొండపల్లి దశావతారాలు పదీ ముగ్గురికి పంచడం ఎలాగ? వామనుడు మొదలు బలరాముడి దాకా బాపట్లకి, కృష్ణుడూ కల్కీ రేపల్లెకి వెళ్ళారు. నాకు చేప, తాబేలు, వరాహం, చెయ్యి విరిగిన నరసింహుడూను. రెండు సంక్రాంతులు ఎవరి కొలువు వాళ్ళదే, మాటలూ అంతంతమాత్రమే.

ఆ చేతి కోసమే కొండపల్లి వెళ్ళాను. ఏటికొప్పాక లక్కబొమ్మల్లా అంకుడు కర్రని లేతు మీద తిప్పి తీసేవి కావివి. తెల్లపొణికి కర్రతో ఒళ్ళు వేరే, చేతులు వేరే చెక్కి అతుకుతారు. చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకు కనబడకుండా మెత్తి, ఆరాక సున్నం పూసి, ఆపైన రంగులు. పూచికపుల్లంత బరువు లేని చెయ్యి! కానీ కొత్త రంగు పాత రంగులో కలవలేదు.

ఈ సంక్రాంతికి అక్కలిద్దరినీ నేనే పిలిచాను, బొమ్మలతో సహా.

పెద్దక్క కొలువు చూస్తూనే, "హిరణ్యకశిపుడు తిరగబడ్డాడేమిటే, నరసింహుడి చేతికి పిండికట్టు!" అంది. చిన్నక్క పకపకా నవ్వింది. ఇద్దరూ ఒకే మాటకి నవ్వి ఎన్నాళ్ళయిందో!

కల్కి గుర్రం తోక మాత్రం రేపల్లె పాసింజర్లో విరిగింది. చింతగింజలు నానబోశాను.