షాబాద్ బండల మీద తెల్ల ఊలు

కాచిగూడ స్టేషన్‌లో రైలు దిగి బయటికొచ్చాక అందరూ చేసే పని ఒక్కటే, ఆటో కోసం వెతకడం. వెనక్కి తిరిగి ఆ బిల్డింగ్‌ని చూసేవాళ్లు తక్కువ. 1916లో కట్టింది. మధ్యలో పెద్ద గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మీనార్లు. నిజాం కాలంలో ఆయన రైల్వేకి హెడ్డాఫీసు ఇదే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే మాలాంటి వాళ్లకి హైదరాబాద్ అంటే ముందు ఈ గుమ్మటాలే. చార్మినార్ తర్వాతి సంగతి.

టూరిస్ట్ హోటల్ దాటి లోపలి గల్లీల్లోకి మళ్లితే ఇంకో కాచిగూడ కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ కూరగాయలు పండించే కాచీలు ఉండేవాళ్లని, ఆ పేరే ఊరి పేరైందని చెబుతారు. ఇప్పుడు తెలుగు, మార్వాడీ, మరాఠీ, కన్నడ ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకే గల్లీలో నాలుగు భాషల్లో తిట్లు వినొచ్చు. నింబోలి అడ్డా వైపు ఇంకా కొన్ని పాత ఇళ్లు మిగిలాయి. మధ్యలో చిన్న వాకిలి, చుట్టూ గదులు, కింద షాబాద్ బండలు.

ఆ బండలు ముదురు బూడిద రంగులో ఉంటాయి. ఎండాకాలంలో చల్లగా ఉంటాయి. వాటి మీద తెల్ల వెంట్రుక ఒక్కటి పడినా దూరం నుంచి కనిపిస్తుంది. మా అక్కావాళ్లు అద్దెకుండే ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది.

అక్కావాళ్ల కుక్క పేరు మోతీ. తెల్లగా, మూతి కోసుగా, తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది. గల్లీలో అందరూ ‘పామేరియన్’ అంటారు. మన దగ్గర ఆ పేరుతో తిరిగేవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’లో టఫీ గుర్తుందా? అదే మన తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చింది. ఆ సినిమా తర్వాత ఎన్నో ఇళ్లల్లోకి తెల్ల బొచ్చుకుక్కలు వచ్చాయి. వాటితో పాటు ఆ బొచ్చూ వచ్చింది. సినిమాలో దాన్ని ఊడ్చే సీను మాత్రం పెట్టలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మోతీ ఒంటి మీది ఊలు కూడా అప్పుడే పోవడం మొదలైంది. నేను వెళ్లేసరికి వాకిలంతా పాత పరుపు విప్పి దూదేకినట్టు ఉంది. సోఫా మీద, బావ నల్ల ప్యాంటు మీద, ఆరేసిన బట్టల మీద ఊలే. ‘నీళ్ల గ్లాసుల గూడ బొచ్చేరా’ అని బావ గ్లాసు పైకెత్తి చూపించాడు. నిజమే, ఉంది.

కింది పోర్షన్లో ఇంటి ఓనర్లు ఉంటారు. మూడు తరాలుగా కాచిగూడలోనే ఉన్న మార్వాడీ కుటుంబం. వాళ్ల పెద్దావిడని అందరూ దాదీ అంటారు. ఆమెకి ఆయాసం. పైనుంచి ఊలు గాలికి ఎగిరి వాళ్ల పాపడాలు ఎండబెట్టిన చోట పడుతోందట. ‘దీదీ, ఏమనుకోవద్దు. నెలాఖరు లోపల కుక్కకి బొచ్చన్నా తీయించుండ్రి, లేకపోతే కుక్కనన్నా వేరే కాడ పెట్టుండ్రి’ అని ఓనర్ చెప్పేశాడు. మాట మర్యాదగానే ఉంది కానీ గడువు మాత్రం గట్టిది. బావ ఆదివారానికి గుండు అపాయింట్‌మెంట్ తీసేసుకున్నాడు. అక్క ఏడుపు ఒక్కటే తక్కువ. ఎనిమిదేళ్ల మేనల్లుడు మాత్రం ఆ తక్కువ కూడా లేకుండా చేశాడు.

బావ వాదన విని నేనూ కాసేపు ఆలోచించాను. ‘మనూర్ల గొర్రెలకు కత్తిరిస్తలేరా? దీనికి కత్తిరిస్తే ఏమైతది? ఎండాకాలం గదా, సల్లగుంటది.’ పాలమూరు వాడు గొర్రెల లెక్క తీస్తే కాదనడం కష్టం. గొంగడి కప్పుకుని పెరిగిన ఇళ్లు మావి.

కానీ గొర్రె లెక్క కుక్కకు కుదరదు. గొర్రె ఊలు పెరుగుతూనే ఉంటుంది, దానంతటది రాలిపోదు. అందుకే కత్తిరించాలి. మోతీలాంటి కుక్కకి ఒంటి మీద రెండు పొరలుంటాయి. డబుల్ కోట్ అంటారు. పైన పొడవాటి, కాస్త గరుకైన వెంట్రుక. దాని అడుగున పొట్టిగా, మెత్తగా, ఒత్తుగా ఉండే ఊలు. ఒక్కో వెంట్రుక కొన్నాళ్లు పెరిగి, కొన్నాళ్లు ఆగి, తర్వాత రాలుతుంది. కాలం మారినప్పుడు లోపలి ఊలు ఒక్కసారిగా గుత్తులు గుత్తులుగా ఊడుతుంది. అంటే మంగలి పని అది తనే చేసుకుంటోంది. మనం చేయాల్సింది దువ్వెన అందించడమే.

కాలం మారిందని కుక్కకి ఎలా తెలుస్తుంది? వేడి వల్ల అనుకుంటాం. వేడి పాత్ర కొంత ఉన్నా, అసలు సంకేతం పగటి వెలుతురు. పగలు పొడవయ్యే కొద్దీ, తగ్గే కొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి. హైదరాబాద్‌లో డిసెంబరులో పగలు దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. హస్కీల పూర్వీకులుండే సైబీరియా ఈశాన్యపు కొసన చలికాలం పగలు కొద్ది గంటలకే ముగుస్తుంది, ఎండాకాలం రాత్రే చిక్కిపోతుంది. అక్కడి ఒళ్లుకి సంకేతం డప్పు కొట్టినట్టు అందుతుంది. మన దగ్గర గుసగుసలా వినిపిస్తుంది. పైగా రాత్రి పన్నెండు దాకా ట్యూబ్‌లైట్ వెలిగే ఇల్లు. అందుకే మన సిటీ కుక్కలు రెండు విడతలుగా పద్ధతిగా రాల్చడం మానేసి ఏడాదంతా కొంచెం కొంచెం రాలుస్తూ, చలి పోయేటప్పుడు, మళ్లీ చలి వచ్చే ముందు కాస్త ఎక్కువగా రాలుస్తాయి. ఆడకుక్కలైతే ఈనిన తర్వాత కూడా బాగా రాలుస్తాయి.

గుండు సంగతికొస్తే, ఆ పై వెంట్రుక ఎండకి గొడుగు. అది తీసేస్తే కింద ఉండేది తెల్లటి లేత చర్మం, దానికి ఎండ దెబ్బ తగులుతుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక బయటపెట్టి వేడి దించుకుంటుంది, కొంచెం పాదాల మెత్తల ద్వారా. కాబట్టి గుండుతో చల్లబడుతుందన్నది మన ఊహ. ఇంకో చిక్కు కూడా ఉంది. స్పిట్జ్, హస్కీ జాతుల్లో మెషిన్ పెట్టి నున్నగా తీసేశాక కొన్నింటికి నెలల తరబడి వెంట్రుక తిరిగి రాదు. ఏడాది దాటినా రాకపోవచ్చు, వచ్చినా అతుకులు వేసినట్టు రావచ్చు. జబ్బుకో, ఆపరేషన్‌కో, దువ్వెన దిగనంతగా జడలు కట్టినప్పుడో డాక్టర్ తీయిస్తే అది వేరు. పాపడాల కోసం గుండు కొట్టించడం నాకు నచ్చలేదు.

కానీ దాదీ ఆయాసం మాటేమిటి? అది పాపడాల కంటే పెద్ద విషయం. కుక్కల అలర్జీ అసలు వెంట్రుకతో వచ్చేది కాదు. చర్మం పొట్టులో, లాలాజలంలో ఉండే ప్రోటీన్లతో వస్తుంది. వెంట్రుక వాటిని మోసుకెళ్తుంది. గుండు కొట్టినా పొట్టు రాలుతూనే ఉంటుంది, కుక్క నాక్కుంటూనే ఉంటుంది. ఈ మాట నేను చెబితే బావ నమ్మలేదు. ‘నువ్వు యూట్యూబ్ డాక్టరువి’ అన్నాడు.

అసలు డాక్టర్ దగ్గరికే పోదామని శనివారం పొద్దున ఆటో ఎక్కాం. కాచిగూడ చౌరస్తా మీదుగా నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకి. రోడ్డు ఖాళీగా ఉంటే పది నిమిషాలు, ఖాళీగా ఎప్పుడూ ఉండదు. ఆటో అన్న దిగేటప్పుడు సీటు చూసి ‘క్యా భాయ్, రజాయి లేకే ఆయే క్యా’ అన్నాడు. మా దగ్గర సమాధానం లేదు, పది రూపాయలు ఎక్కువిచ్చాం.

అక్కడ వరండాలో కూర్చుంటే హైదరాబాద్ మొత్తం కనిపిస్తుంది. బుట్టలో పిల్లి, ఒడిలో కోడి, బెల్టు లేని వీధికుక్కని భుజాన వేసుకొచ్చిన కాలేజీ పిల్లలు. టేబుల్ ఎక్కించగానే మోతీ భయంతో ఇంకా ఎక్కువ రాల్చింది. భయపడినా రాలుతుందని ఆ రోజే కళ్లారా చూశాం. డాక్టర్ గారు వెంట్రుకల్ని పాయలుగా విడదీసి చర్మం చూశారు. బట్టతల మచ్చలున్నాయా, గోకుతోందా, నీళ్లు ఎక్కువ తాగుతోందా, బరువు పెరిగి మందకొడిగా ఉంటోందా అని అడిగారు. అన్నింటికీ లేదనే చెప్పాం. ఊలు ఒళ్లంతా సమానంగా పలచబడి, కింద చర్మం శుభ్రంగా ఉంటే అది కాలం మార్పు. రెండు పక్కలా ఒకేలా బట్టతల పడితే థైరాయిడ్ లాంటివి చూడాలి. గుండ్రటి మచ్చలు పడితే తామర కావచ్చు, అది ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. మోతీకి ఇవేవీ లేవు. రెండు పిడుదులు మాత్రం దొరికాయి, చెవి వెనకాల. వాటికి మెడ మీద వేసే చుక్కల మందు రాశారు. గుండు మాట బావే అడిగాడు. డాక్టర్ గారు తల అడ్డంగా ఊపారు, అంతే. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క ఊపులో తేల్చేశారు.

ఆదివారం అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ అయింది. కానీ నెలాఖరు గడువు క్యాన్సిల్ కాలేదు కదా.

అప్పుడు మొదలైంది డాబా మీద దువ్వుడు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, చాలామంది పైపైన దువ్వి వదిలేస్తారు. పైన మెరుస్తుంది, అడుగున ఊలు అలాగే ఉండి ఉండలు కడుతుంది. ముందు పొడిగా ఉన్నప్పుడే చేత్తో వెంట్రుకల్ని ఒక పక్కకి పట్టుకుని, చర్మం గీతలా కనిపించేలా పాపిట తీయాలి. ఆ పాపిట దగ్గర నుంచి కొంచెం కొంచెం కిందికి దింపి దువ్వాలి. అడుగు ఊలు లాగడానికి వెడల్పు పళ్ల రేక్, తర్వాత స్లికర్ బ్రష్, చివర స్టీలు దువ్వెన. దువ్వెన ఎక్కడా ఆగకుండా జారితే అక్కడ పని అయిపోయినట్టు. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక చిక్కులు దాక్కుంటాయి. చిక్కుని కత్తెరతో పొడవకండి, చర్మం తెగుతుంది. వేళ్లతో విడదీయండి. స్నానం చిక్కులు తీశాకే. ముందే నీళ్లు పోస్తే ఉండ బిగుసుకుపోతుంది. మనుషుల షాంపూ వద్దు, కుక్క చర్మం స్వభావం వేరు. స్నానం అయ్యాక వేళ్లు పెట్టి అడుగుదాకా చూసి ఆరబెట్టాలి. ముఖ్యంగా వానాకాలం. తడి ఊలు కింద చర్మం చీము పట్టి పుండవడానికి ఒక్క రాత్రి చాలు.

మొదటి ఆదివారం గంటన్నర పట్టింది. మోతీ సగంలోనే పారిపోయి నీళ్ల ట్యాంకు కింద దూరింది. పల్లీలు ఎర చూపి లాగాం. తీసిన ఊలు ఒక బియ్యం సంచి నిండింది. కుక్క మాత్రం అలాగే ఉంది! ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎండ ఎక్కక ముందు, గాలి లేనప్పుడు కూర్చోవాలని మొదటి రోజే తెలిసింది. లేకపోతే మన సంచీ పక్కింటి వడియాల మీదికే. తర్వాత రోజూ రాత్రి పది నిమిషాలు మేనల్లుడి డ్యూటీ. వాకిలి తడిబట్టతో తుడవడం బావ డ్యూటీ, చీపురైతే లేపి గాలిలో తిప్పుతుంది అంతే. మోతీకి దాదీ గుమ్మం వైపు వెళ్లే మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టారు.

అదే వారం ఇంకోటి జరిగింది. బర్కత్‌పుర వైపు ఒక అపార్ట్‌మెంట్ గేటు బయట ఒక హస్కీ. మెడకి మంచి బెల్టే ఉంది. రెండు రోజులుగా అక్కడే ఉందని వాచ్‌మన్ చెప్పాడు. ‘ఊకె బొచ్చు రాలుతుందని మేడం రోజు లొల్లి పెట్టేది సార్, వాళ్లు ఖాళీ జేసిండ్రు, ఇది మిగిలింది.’ నీలికళ్లతో అది వచ్చే ప్రతి కారుని లేచి చూస్తోంది. సామాన్ల లారీలో ఫ్రిజ్ పట్టింది, దీనికి చోటు లేదు. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు వచ్చి తీసుకెళ్లారు. అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్లు కుక్కల్ని పూర్తిగా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఇంట్లోవాళ్లే వద్దనుకుంటే ఏ మార్గదర్శకం అడ్డొస్తుంది? రీల్స్‌లో మంచు మీద పరుగెత్తే హస్కీని చూసి మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్‌లోకి తెచ్చుకునే ముందు ఎవరైనా ఫిబ్రవరిలో ఒక్కరోజు ఆ ఇల్లు ఊడ్చి చూడాలి. నేనైతే దాన్ని షరతుగా పెడతాను.

మన సంచి ఊలుకి తిరిగొద్దాం. పిచ్చుకలు గూడు కట్టుకుంటాయని మేనల్లుడు దాన్ని డాబా గోడ మీద పెడదామన్నాడు. ముచ్చటైన ఆలోచనే. కానీ మెడ మీద చుక్కల మందు వేసిన కుక్క ఊలు పెట్టకూడదు. బ్రిటన్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ప్రచురించిన పరిశోధనలో, జంతువుల వెంట్రుకలు పరిచిన పక్షి గూళ్లలో ఈ పిడుదుల మందులు దొరికాయి. అవి ఎక్కువున్న గూళ్లలో పొదగని గుడ్లు, చచ్చిన పిల్లలు ఎక్కువ. వాడికి ఇది చెప్తే సంచి మూతి తనే కట్టేసి చెత్త బండిలో వేసొచ్చాడు.

నెలాఖరు వచ్చింది. ఓనర్ పైకొచ్చి వాకిలంతా ఒకసారి చూశాడు. మోతీ షాబాద్ బండల మీద నాలుగు కాళ్లూ చాపి, పొట్ట ఆనించి పడుకుంది. పొట్ట మీద ఊలు పలచన, చల్లదనం అక్కడినుంచే తీసుకుంటుంది. ఆయన వంగి బండ మీద వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. ఏమీ అనలేదు. దాదీ ఇన్‌హేలర్ అయిపోయిందని, పోతూపోతూ మెడికల్ షాపులో తెమ్మని బావకి చీటీ ఇచ్చాడు.

వచ్చే నెల నుంచి అద్దె ఐదొందలు పెరిగిందని అక్క ఫోన్‌లో చెప్పింది. దేనికని అడిగితే నీళ్ల బిల్లు అన్నారట. అక్టోబరులో చలి మొదలయ్యే ముందు ఇంకో విడత ఉంటుంది కాబట్టి, ఆ రేక్ నీ బ్యాగులో పొరపాటున రాలేదు కదా, చూసి పంపు అంది.