పలాసలో కాలే పిక్కలు

పలాస స్టేషన్‌లో దిగి, ఆటో ఎక్కి కాశీబుగ్గ వైపు రెండు మలుపులు తిరిగితే చాలు, ఎక్కడికొచ్చామో ముక్కు చెప్పేస్తుంది. జీడిపిక్కలు కాలే వాసన. కమ్మగా ఉంటుందనుకునేరు! తారు కాచినట్టు ఘాటుగా, గొంతులో గీరినట్టు ఉంటుంది. కమ్మదనం పప్పుది, ఘాటు తొక్కది.

మా పెద్దమ్మ ఇరవై ఏళ్లకు పైగా పిక్కలు కొట్టింది. చిన్నప్పుడు సెలవులకు వెళితే అన్నం తను కలిపి పెట్టేది కాదు, అక్కచేత పెట్టించేది. వేళ్ల చివర్లు నల్లగా, పొరలు లేచి ఉండేవి. నూనె రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చున్నా జీడి ఊరుకునేది కాదు.

ఆ జీడి ఏమిటో నాకు కెమికల్ ఇంజినీరింగ్‌లో తెలిసింది. (తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను, అది వేరే కథ.) పిక్క తొక్క లోపల తేనెపట్టులాంటి గదులుంటాయి. వాటి నిండా చిక్కటి నూనె. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, కొంత కార్డాల్. చర్మాన్ని బొబ్బలెక్కించేవి ఇవే. బాగా వేడి తగిలితే అనకార్డిక్ ఆమ్లం నుంచి బొగ్గుపులుసు వాయువు విడిపోయి, కార్డనాల్ అనే మరో పదార్థం మిగులుతుంది. రంగుల్లో, వార్నిష్‌లలో, బండ్ల బ్రేకుల్లో వాడేది దాన్నే. వేడి మరీ ఎక్కువసేపు తగిలితే మాత్రం అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె బంకలా తయారవుతుంది.

పాత పద్ధతి డ్రమ్ము బట్టీ. వాలుగా పెట్టిన ఇనప డ్రమ్ము ఎర్రగా కాలుతూ తిరుగుతుంటే పైనుంచి పిక్కలు పోస్తారు. మొదట్లో మంట పెట్టాలి గానీ, తర్వాత తొక్కల్లోంచి కారిన నూనే అంటుకుని డ్రమ్మును వేడిగా ఉంచుతుంది. తన నూనెతో తనే కాలడమన్నమాట.

గుజరాత్‌లో మెహసానా దగ్గర బలోల్ చమురు క్షేత్రం గురించి చదివినప్పుడు నాకు ఈ డ్రమ్మే గుర్తొచ్చింది. అక్కడ ముడిచమురు చిక్కన, పంపుకు సరిగా అందదు. అందుకని ఓఎన్‌జీసీ వాళ్లు 1990లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, బావిలోకి గాలి ఎక్కించి భూగర్భంలోనే చమురుకు నిప్పు పెట్టారు. ఆ వేడికి తేలిక భాగాలు ఆవిరై ముందుకు పోతాయి, బరువైనవి విరిగి కోక్‌గా మిగులుతాయి. తర్వాత మండేది ఆ కోకే. దాని వేడికి ముందున్న చమురు పలచబడి బావివైపు కదులుతుంది. కొంచెం కాల్చుకుని మిగతాది దక్కించుకోవడం. వేడి చాలకపోతేనే చిక్కు: ఆక్సిజన్ చమురును మండించే బదులు దానికే అతుక్కుని ఇంకా చిక్కన చేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు డ్రమ్ము బొమ్మ వేద్దామనుకున్నాను, ధైర్యం చాల్లేదు.

ఈసారి వెళ్లినప్పుడు వదిన పనిచేసే చోటికి వెళ్లాను. బాయిలర్‌లో ఆవిరి పట్టి, చల్లారాక కట్టర్ మీద కోస్తున్నారు. పొగ తక్కువ. కానీ ఇక్కడ నూనె కాలిపోదు, తొక్కలోనే ఉండిపోతుంది. కోసేవాళ్ల వేళ్లకు తగులుతూనే ఉంది. తొక్కలు తర్వాత నూనె తీయడానికి వెళ్తాయి. చూస్తుంటే పొగ పోయింది గానీ జీడి పోలేదనిపించింది. వదిన చేతులకు గ్లౌజులున్నాయి, ఎడమచేతిది మాత్రం చిరిగిపోయింది. "ఇవేసుకుంటే పిక్క పట్టు దొరకదు బాబూ, పని సాగదు" అంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటల్ని పడగొట్టేసింది. మళ్లీ నాటిన మొక్కలు దారి పొడవునా కనిపించాయి.

పెద్దమ్మ ఇప్పుడు పని మానేసింది. ఆ రోజు పింఛను కోసం మిషన్ మీద వేలు పెడితే పడలేదు. ఇంకో వేలు. పదీ అయ్యాయి. వేలిముద్రతో తెరుచుకునే యాప్‌లు రాసి జీతం తీసుకునే నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.

"నా ఏళ్లు జీడి తినేసింది నాయనా, ఇంకేటి పడతాది?" అని నవ్వింది. చివరికి కంటిపాపతో పడింది.

బయల్దేరేటప్పుడు అరకిలో బద్దలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. గుండుపప్పు అమ్ముకోడానికట, బద్ద ఇంట్లో వాళ్లకట.